బడిలో చేరింది మొదలు జలుబే!

“అమ్మా, దీనికి ఒంట్లో ఏదో పెద్ద జబ్బే ఉంది. మీరంతా నా దగ్గర దాస్తున్నారు.”

2025లో దసరా వెళ్ళిన మర్నాడు మా అమ్మాయి ఫోనులో అన్న మాట ఇది. దానికి మూడేళ్ళ కూతురు. జూన్ రెండో వారంలో బడులు తెరవగానే, హైదరాబాదులో తమ ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న నర్సరీలో చేర్పించారు. సరిగ్గా తొమ్మిదో రోజున పాపకు ముక్కు కారటం మొదలైంది. అది తగ్గిందనుకునేసరికి దగ్గు, దగ్గు తగ్గేసరికి జ్వరం, జ్వరం పోయి నాలుగు రోజులు బడికి వెళ్ళిందో లేదో మళ్ళీ ముక్కు. బ్యాంకులో అమ్మాయికి ఉన్న క్యాజువల్ లీవులన్నీ ఆగస్టుకే అయిపోయాయి.

నేను పిల్లల డాక్టరును. గుంటూరు జిల్లాలో ముప్పయ్యేళ్ళకు పైగా ప్రాక్టీసు చేశాను. ఏటా జూన్‌లో బడులు తెరిచి, వానలు పట్టుకుని, జులై వచ్చేసరికి నా గది బయట బెంచీలన్నీ ఇలాంటి తల్లులతోనే నిండిపోయేవి. “మూడేళ్ళొచ్చేదాకా ఒక్కసారి తుమ్మి ఎరగడండీ, బడిలో వేశాం, అంతే!” అనేవారు. వాళ్ళకు చెప్పటానికి నా దగ్గర సమాధానం ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది. కానీ సొంత కూతురు ఏడుస్తూంటే ఆ సిద్ధంగా ఉన్నవేవీ నోటికి రాలేదు. రైలుకు టిక్కెట్టు దొరక్క ఆ రాత్రే బస్సెక్కాను.

తెల్లవారి ఇంట్లో అడుగుపెట్టేసరికి పాప సోఫా మీద గెంతుతోంది. ముక్కు కారుతోంది, నోట్లో ఇడ్లీ ముక్క ఉంది, కళ్ళలో అల్లరి ఉంది. “అమ్మమ్మా, నాకు జ్వరం!” అని ఎంతో గర్వంగా చెప్పింది. నిజంగా జబ్బుగా ఉన్న పిల్ల అలా చెప్పదు. సగం భయం నాకక్కడే తీరిపోయింది. తల్లికి తీరొద్దూ?

వంటింట్లో గోడకు క్యాలెండరు వేలాడుతోంది. మా ఇళ్ళలో దాని మీద పాల లెక్క రాసుకునేవాళ్ళం. మా అమ్మాయి జబ్బుల లెక్క రాసింది. జ్వరం వచ్చిన రోజుకు ఎర్ర చుక్క, జలుబూ దగ్గూ ఉన్న రోజుకు నీలం చుక్క. బ్యాంకు ఉద్యోగం చేసే పిల్ల కదా, ఒక్క రోజు కూడా తప్పిపోలేదు. కాఫీ తాగి, కళ్ళజోడు పెట్టుకుని ఆ క్యాలెండరు ముందు కూర్చున్నాను. జూన్ 21 నుంచి అక్టోబరు 3 వరకు 105 రోజులు. అందులో నీలం చుక్కలు 61, ఎర్ర చుక్కలు 14.

“చూశావా! సగానికి పైగా రోజులు జబ్బే!” అన్నది అమ్మాయి, దాదాపు గెలిచినట్టుగా.

“చుక్కలు లెక్కపెట్టావు కానీ ఖాళీలు చూడలేదేమే?” అన్నాను.

ఆ చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మొత్తం ఏడు గుంపులు. ఒక్కో గుంపు ఎనిమిది, తొమ్మిది రోజులు. గుంపుకూ గుంపుకూ మధ్య ఒకచోట పన్నెండు రోజుల ఖాళీ, ఒకచోట రెండే రోజులు. అంటే పాపకు వచ్చింది నాలుగు నెలలుగా తగ్గని ఒక జబ్బు కాదు. ఏడు వేర్వేరు జబ్బులు. ఏడూ వచ్చాయి, ఏడూ తగ్గాయి. ఏడుసార్లు ఆ పసి ఒళ్ళు శత్రువును పోల్చుకుని, తరిమి, ఒక పాఠం నేర్చుకున్నది. జూన్‌లో 12 కిలోల 600 గ్రాములున్న పిల్ల ఆ రోజు తూచితే 13 కిలోల 200 ఉంది. పెద్ద జబ్బున్న పిల్ల ఇలా బరువు పెరగదు.

ఇక్కడ తల్లులకు ఒక చిన్న లెక్క చెప్పాలి. జలుబు కలిగించేది ఒక క్రిమి కాదు. రైనోవైరసు అనే ఒక్క జాతిలోనే వందకు పైగా రకాలున్నాయి. ఇవికాక మరెన్నో వైరసులు. ఒక రకానికి ఒంట్లో ఎదురు శక్తి పుట్టినా అది రెండో రకానికి అడ్డు రాదు. బడికో డే కేర్‌కో కొత్తగా వెళ్ళే పిల్లలకు ఏడాదికి ఎనిమిది నుంచి పన్నెండు జలుబులు రావటం మామూలే. ఒక్కో జలుబు వారం పది రోజులు ఉంటుంది, దగ్గు రెండు వారాల దాకా సాగవచ్చు. పది జలుబులు, పదేసి రోజులు. వంద రోజులు! అవన్నీ వానాకాలం, చలికాలాల్లోనే పడతాయి గనుక ఆ ఆరు నెలలూ పిల్లవాడు ఎప్పుడూ జబ్బుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. ఈ వయసులో పది పడిశాలు కలిస్తే ఒక సంవత్సరం!

వెనకటి రోజుల్లో ఇంటినిండా పిల్లలుండేవారు. పెత్తండ్రి పిల్లలు, పినతండ్రి పిల్లలు, అందరి చీమిడీ అందరికీ అంటేది. ఈ ‘చదువు’ ఇంట్లోనే మొదలయ్యేది. ఇప్పుడు ఫ్లాట్లో ఒక్క పిల్ల, మూడేళ్ళు అపురూపంగా పెరిగి, ఒక్కసారిగా పాతికమంది మధ్యకు వెళుతుంది. పాతికమంది, పాతిక ఇళ్ళ క్రిములు.

ఇదంతా విని అమ్మాయి కాస్త తేరుకున్నది. మంచినీళ్ళకని నేను ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో వరసగా సీసాలు. యాంటీబయాటిక్ సిరప్పులు మూడు, మూడూ సగం సగం. దగ్గు మందులు రెండు. ‘రోగనిరోధక శక్తి’ పెంచే పొడి డబ్బా ఒకటి, దాని ఖరీదుతో ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడా గుడ్లూ పళ్ళూ వస్తాయి.

నాలుగు నెలల్లో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగారు. “చీమిడి పచ్చగా వస్తోంది కదమ్మా, ఇన్‌ఫెక్షన్ అన్నారు” అన్నది. చీమిడి మొదట నీళ్ళలా ఉండి, తరువాత చిక్కబడి పచ్చబడటం ప్రతి జలుబుకూ ఉన్నదే. రంగును చూసి యాంటీబయాటిక్ వేయకూడదు. ఆ మందు బాక్టీరియాను చంపుతుంది గానీ వైరసు జోలికి పోదు. అనవసరంగా వేస్తే విరేచనాలు, పైగా నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేయకపోవటం. నీళ్ళు కలిపిన సిరప్పు వారం పది రోజుల్లో శక్తి కోల్పోతుంది. దాన్ని ఫ్రిజ్‌లో దాచి వచ్చే నెల మళ్ళీ నాలుగు చెంచాలు పోయటం మరీ పొరపాటు. ఆ డాక్టర్లను తప్పు పట్టి నేను మంచిదాన్ని అనిపించుకోను. బయట నలభైమంది ఎదురుచూస్తుంటే, ఎదురుగా తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, వివరించి చెప్పటానికి పది నిమిషాలు, చీటీ మీద ఒక పేరు రాయటానికి అరనిమిషం. ఆ అరనిమిషం పని నేనూ చేశాను, చాలాసార్లు.

దగ్గు మందులు మాత్రం అప్పటికప్పుడు తీసి పారబోయించాను. సరిగ్గా ఆ వారంలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్పు తాగి పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయిన వార్త దేశమంతా గుప్పుమన్నది. డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఆ సిరప్పులో ఉన్నదని తేలింది. ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు ఇవ్వరాదనీ, అయిదేళ్ళలోపు వారికి సాధారణంగా వద్దనీ కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే, 2025 అక్టోబరులో, హెచ్చరిక పంపింది. కల్తీ లేకపోయినా ఈ వయసులో ఆ సిరప్పుల వల్ల ఒనగూడేది ఏమీ లేదు. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి పడుకోబోయే ముందు అరచెంచా తేనె దగ్గుకు హాయినిస్తుంది (ఏడాదిలోపు వారికి మాత్రం తేనె నాకించకూడదు). ముక్కు దిబ్బడ వేస్తే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు వేయండి. జ్వరానికి పారసెటమాల్ ఒక్కటే చాలు, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకొకసారి. అయితే సీసా మీద అంకె చూడాలి. అయిదు మిల్లీలీటర్లలో 120 ఉన్న సీసా ఉంటుంది, 250 ఉన్నదీ ఉంటుంది. మూత ఒకటే, మోతాదు రెట్టింపు. నిమెసులైడ్ పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఎవరింట్లోనైనా మిగిలి ఉన్నదేమో చూసుకోండి.

ఇక మా వియ్యపురాలుగారి సంగతి. ఆవిడ మనసు చాలా మంచిది. మనవరాలికి రోజూ దిష్టి తీస్తారు, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ స్నానానికి ముందు ముక్కుల్లో రెండేసి చుక్కలు నువ్వులనూనె వేస్తున్నారు, ఊపిరి ఆడుతుందని. ఆ నూనె గొంతులోకి జారి ఊపిరితిత్తుల్లో దిగితే న్యుమోనియా పట్టుకోవచ్చు. చెప్పటం ఎలా? వియ్యపురాలికి బుద్ధి చెప్పినట్టుండకూడదు. “వదినగారూ, ఆ నూనె నా మోకాళ్ళకు రాద్దురూ, పాప ముక్కుకు ఉప్పునీళ్ళు వేద్దాం” అన్నాను. నవ్వేశారు. ఆ రోజు నుంచి నూనె మోకాళ్ళకే.

అయితే ఆవిడను తక్కువగా అనుకోవద్దు. క్యాలెండరు మీద ఆగస్టులో ఒకచోట మూడు ఎర్ర చుక్కల చుట్టూ గీత గీసి ఉంది. అదేమిటని అడిగితే అప్పుడు చెప్పారు. ఆ సాయంత్రం డాక్టరుకు చూపించి వచ్చారు, మామూలు జ్వరమే అన్నారు. రాత్రి పదకొండు గంటలకు జ్వరం తగ్గింది. అమ్మాయీ అల్లుడూ హమ్మయ్య అనుకుని పడుకున్నారు. నిద్రపోతున్న పాప గౌను పైకెత్తి చూసినది ఈవిడే. “జ్వరం లేకపోయినా డొక్కలెగరేస్తోందిరా, లేవండి, పదండి” అని గొడవ చేసి లేపారు. ఆసుపత్రిలో లెక్కపెడితే ఊపిరి నిమిషానికి 54. న్యుమోనియా! ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చి మూడు రోజులు ఉంచుకున్నారు. ఏడు జబ్బుల్లో యాంటీబయాటిక్ అవసరమైనది ఈ ఒక్కదానికే. దానికి మాత్రం ఆ రాత్రే కావాలి, తెల్లవారేదాకా ఆగటానికి వీల్లేదు. నాకు తెలిస్తే కంగారు పడతానని చెప్పలేదట! డాక్టరుకు చెప్పకపోవటం ఏమిటని కోపం వచ్చింది. తరువాత ఆవిడ చేతులు పట్టుకున్నాను.

ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా నాయనమ్మా, ఆ మాటకొస్తే ప్రతి తండ్రీ నేర్చుకోవలసిన విద్య ఇదొక్కటే. పిల్ల నిద్రలో గానీ, ఏడవకుండా నిమ్మళంగా ఉన్నప్పుడు గానీ, పొట్ట మీద బట్ట తీసి, గడియారం పెట్టుకుని నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకు 50 గానీ అంతకుమించి గానీ, ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా 40 గానీ అంతకుమించి గానీ ఉంటే అది వేగంగా ఊపిరి తీయటం. ఆ రోజే డాక్టరు చూడాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా, తాగటం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా గంట కూడా ఆలస్యం చేయరాదు. థర్మామీటరు అంకె కంటే ఇవి ముఖ్యం. 103 జ్వరం ఉండి, అది తగ్గగానే బొమ్మలు అడిగే పిల్ల కంటే, 100 ఉండి బొమ్మ వంక చూడని పిల్లను చూసి నేనెక్కువ భయపడతాను.

అలాగే ‘బడి జలుబు’ అని కొట్టిపారేయకూడనివీ ఉన్నాయి. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగుసార్లకు పైగా చెవి చీము, బరువు పెరగకపోవటం, రెండు వారాలు దాటిన దగ్గుతో పాటు జ్వరమూ చిక్కిపోవటమూ (ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే మరీను), ప్రతి జలుబుకూ పిల్లికూతలు, రాత్రిళ్ళు నోరు తెరిచి గురక. వీటికి పరీక్షలు కావాలి. మా పాపకు అప్పటికి న్యుమోనియా ఒకసారే వచ్చింది. రెండోసారి వస్తే ఊరుకోనని అమ్మాయితో చెప్పాను.

ఆ రాత్రి పాప నిద్రపోయాక అమ్మాయి తన ఫోను నా చేతికిచ్చింది. బ్యాంకుకు రాసిన రాజీనామా. తేదీ ఒక్కటే వేయలేదు. “అత్తయ్యగారు ఏమీ అనరు. ఈయనా ఏమీ అనరు. కానీ పిల్లను నేనే జబ్బు చేయిస్తున్నానేమో అనిపిస్తోందమ్మా” అన్నది.

అప్పుడు దానికి ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. 1996 ప్రాంతంలో నా దగ్గరికి ఒక టీచరమ్మ వస్తూండేది. ఎయిడెడ్ స్కూల్లో ఉద్యోగం. కొడుకును మూడో ఏట నర్సరీలో వేస్తే ఇదే తంతు, వారం వారం నా దగ్గరే. ఒకరోజు చాలామంది ఉన్నారు, నాకు విసుగ్గా ఉంది. “ఉద్యోగం ముఖ్యమా అమ్మా, పిల్లవాడు ముఖ్యమా?” అన్నాను. అంతే, ఒక్క మాట. ఆమె ఉద్యోగం మానుకున్నది. రెండేళ్ళు పిల్లవాడు ఇంట్లో గులాబీ పువ్వులా ఉన్నాడు. అయిదో ఏట ఒకటో తరగతిలో వేశారు. జులైకల్లా మళ్ళీ నా బెంచీ మీద! అదే ముక్కు, అదే దగ్గు. ఆమె నన్ను కోప్పడలేదు. చీటీ తీసుకుంటూ, “ఇప్పుడేం మానుకోమంటారు డాక్టరుగారూ?” అని అడిగింది. ఆ ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నాకు అప్పుడు తెలియనిది తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ పట్టణంలో 1980 నుంచి 1984 వరకు పుట్టిన వెయ్యికి పైగా పిల్లలను డాక్టర్లు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. జలుబుల లెక్క 2002లో ప్రకటించారు. ఎక్కువమంది పిల్లలుండే డే కేర్‌కు వెళ్ళినవారికి రెండో ఏట జలుబులు ఎక్కువ. కానీ ఆరు నుంచి పదకొండేళ్ళ మధ్య వారికే తక్కువ. పదమూడో ఏటికి అందరూ ఒకటే. మూడో ఏట కట్టని పన్ను ఆరో ఏట కట్టవలసి వస్తుంది, అంతే తేడా. అయితే మరీ చంటిపిల్లల మాట వేరు. ఆర్నెల్లు నిండని బిడ్డకు ఊపిరి గొట్టాలు సన్నం, టీకాలు పూర్తికావు. ఆ వయసులో వీలైనంతవరకు పదిమందిలోకి పంపకుండా ఉండటమే మంచిది.

సోమవారం నేనూ అమ్మాయీ నర్సరీకి వెళ్ళాం. శుభ్రంగానే ఉంది. కానీ వరండాలో ఆయమ్మ ఒక తువ్వాలుతో వరసగా అందరి ముక్కులూ తుడుస్తోంది, అదే తువ్వాలు, ఒకరి తరువాత ఒకరికి! ఎంత ప్రేమగా తుడుస్తోందో చెప్పలేను. నాకు చిన్నప్పటి మా బడి గుర్తొచ్చింది. చొక్కాకు పిన్నీసుతో చేతిగుడ్డ గుచ్చి పంపేవారు. పాతకాలపు పద్ధతి అని నవ్వుకున్నాం గానీ అదెంత తెలివైన పనో! హెడ్‌మిస్ట్రెస్‌గారితో నెమ్మదిగా మాట్లాడితే ఒప్పుకున్నారు. ఎవరి చేతిగుడ్డ వారిదే, అన్నానికి ముందూ బయట ఆడి వచ్చాకా సబ్బుతో చేతులు, జ్వరం, వాంతులు, విరేచనాలు, నోట్లోనూ అరచేతుల్లోనూ పొక్కులు ఉంటే ఇంట్లోనే. జ్వరం మందు వేయకుండా ఒక రోజంతా చల్లగా ఉన్నాకే బడికి. ఉత్త ముక్కు కారటానికి మానిపించనక్కరలేదు. దానికీ మానిపిస్తే ఏ పిల్లా బడిలో ఉండదు.

ఇంట్లోనూ కొన్ని మార్చాం. రాత్రిళ్ళు దోమల చుట్ట వెలిగించటం మాని దోమతెర కట్టారు. టీకాల పుస్తకం తీసి చూస్తే న్యుమోనియా టీకా మూడు మోతాదులూ పడ్డాయి. అది 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. పడినా ఆగస్టులో ఎందుకొచ్చిందని అమ్మాయి అడిగింది. ఆ టీకా ఒక క్రిమిలోని కొన్ని రకాలకే, న్యుమోనియాకు కారణాలు అనేకం. ఫ్లూ టీకా వేయించలేదు, అది ఏడాదికొకసారి వేయించుకోవచ్చు, వేయించాం. అన్నిటికంటే పెద్ద మార్పు మా అల్లుడుగారిది. “అత్తయ్యగారూ, ఊపిరి లెక్కపెట్టటం నాకూ నేర్పండి” అన్నారు. ఆ సాయంత్రం నిద్రపోతున్న పాప పొట్ట మీద చూపు నిలిపి, గడియారం పట్టుకుని, పరీక్ష రాస్తున్నవాడిలా లెక్కపెట్టారు. ఇరవై ఆరు. నాకూ ఇరవై ఆరే వచ్చింది.

రాజీనామా సంగతి నేను ఎత్తలేదు. దానికి సలహా ఇచ్చే అర్హత నాకు 1996లోనే పోయింది.

డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం ఎనిమిదింటికి ఫోను. “అమ్మా, మళ్ళీ ముక్కు. రాత్రి నూటొకటి వచ్చింది. ఊపిరి లెక్కపెట్టాం, ముప్పైరెండు. చారన్నం తిన్నది. ఈ పూట ఆయన లీవు పెట్టారు. నాకు బస్సు వచ్చింది, సాయంత్రం చేస్తాను” అని పెట్టేసింది.